ఊరి సొమ్ము ఊరిలోనే

వానకాలమున ఎంత నీరు వచ్చినను గట్టు లేనిచో చెరువు నిండదు. వచ్చిన నీరు వచ్చినట్లే వాగులోనికిని, ఏటిలోనికిని, తుదకు సముద్రములోనికిని పోవును. గట్టు కట్టి తూములు పెట్టినచో ఆ నీరే కాలువల వెంట పారి పది మళ్లను తడుపును. పట్టణమునకు వచ్చు ధనము విషయమునను ఇట్లే జరుగును. ఉద్యోగి జీతమును, రైతు పంటసొమ్మును ఊరికి తెచ్చును. అందు కొంత ఊరి దుకాణములలో ఖర్చగును. కొంత దూరపు పెద్ద సంస్థలకు పోవును. ఊరిలో ఖర్చయిన రూపాయి అంతటితో ఆగదు. కిరాణా వర్తకుడు దానిని దర్జీకి ఇచ్చును. దర్జీ పాలవానికి ఇచ్చును. పాలవాడు దానితో తన బిడ్డకు పుస్తకము కొనును. ఒక్క రూపాయియే ఇందరికి ఉపయోగపడినది. బయటికి పోయిన రూపాయి ఊరిలో మరి ఎవరికిని అందదు.

పుట్టినరోజులకును, పెండ్లిండ్లకును ఇచ్చు గిఫ్టు కార్డులను నేడు చాలమంది ఎరుగుదురు. ఒకరు ముందుగా సొమ్ము చెల్లించి కార్డు కొందురు. దానిని అందుకొన్నవారు ఆ విలువకు సరిపోవు సరుకు తెచ్చుకొందురు. సాధారణముగా అట్టి కార్డు ఒక్క సంస్థకు చెందిన దుకాణములలోనే చెల్లును. అట్లు గాక, ఒక పట్టణమందలి అనేక దుకాణములలో చెల్లుచు, ఆ పట్టణము దాటినచో చెల్లని కార్డునో కూపనునో తయారుచేసినచో ఏమగును? దానిని కొన్నవారు ఎవరైనను, వాడినవారు ఎవరైనను, సొమ్ము ఆ ఊరివారికే చేరును. చెరువునకు గట్టు ఎట్టిదో పట్టణమునకు ఈ కూపను అట్టిది. ఈ ఊహను కార్యరూపమున పెట్టి చూపినవారిలో పాఠశాల బాలికలును ఉన్నారు.

జర్మనీ దేశపు దక్షిణమున బవేరియా రాష్ట్రము కలదు. అచ్చట కీమ్‌జే అను పెద్ద సరస్సు ఒడ్డున ప్రీన్ అను చిన్న పట్టణమున్నది. ఆ ప్రాంతమునకు కీమ్‌గౌ అని పేరు. 2003వ సంవత్సరమున, అచ్చటి వాల్డార్ఫ్ పాఠశాలలో అర్థశాస్త్రము బోధించుచుండిన క్రిస్టియన్ గెల్లెరి అను ఉపాధ్యాయుడు ఆరుగురు విద్యార్థినులతో కలిసి ఒక కూపనును ప్రవేశపెట్టెను. దానికి కీమ్‌గౌవర్ అని పేరిడిరి. ఒక కీమ్‌గౌవర్ విలువ ఒక యూరోకు సమానము. కూపనులపై బొమ్మలు రూపొందించుట, అచ్చు వేయించుట, లెక్కలు వ్రాయుట, ప్రచారము చేయుట మున్నగు పనులను విద్యార్థినులే చేపట్టిరి.

ఈ కూపను నడచు విధమును ఒక లెక్కతో తెలిసికొనవచ్చును. ఒక పాఠశాలయో, ధర్మసంఘమో 97 యూరోలు చెల్లించి 100 కీమ్‌గౌవర్లను తీసికొనును. వానిని తన శ్రేయోభిలాషులకు 100 యూరోలకే అమ్మును. మిగిలిన 3 యూరోలు సంఘపు నిధికి చేరును. కొన్నవారికి నష్టమేమియు లేదు; 100 కీమ్‌గౌవర్లతో వారు 100 యూరోల సరుకును కొందురు. వర్తకుడు తనకు వచ్చిన కూపనులను యూరోలుగా మార్చుకొనదలచినచో నూటికి 5 తగ్గించి 95 యూరోలు ఇత్తురు. ఆ ఐదింటిలో మూడు సంఘములకును, రెండు నిర్వహణ వ్యయమునకును పోవును.

నూటికి ఐదు నష్టపోవుటకు వర్తకుడు ఏల అంగీకరించును? ఇందులోనే ఈ పద్ధతి యొక్క మర్మమున్నది. మొదటిది, కూపనులు చేతబట్టిన కొనుగోలుదారు పెద్ద సంస్థను విడిచి అతని దుకాణమునకు వచ్చును. రెండవది, ఆ ఐదును తప్పించుకొను మార్గము అతని చేతిలోనే కలదు. కూపనులను మార్చక, వానితోనే మరియొక స్థానికుని వద్ద సరుకు కొన్నచో నష్టమే లేదు. అందుచే హోటలు యజమాని తనకు కావలసిన రొట్టెను ఊరిలో ఎవరు చేయుదురో, కూరగాయలను దగ్గర పల్లెలో ఎవరు పండింతురో విచారించును. వెనుక ఎన్నడును మాటలాడుకొనని ఇద్దరు వర్తకులు ఈ కారణమున పరిచితులగుదురు. ఐదు యూరోల తగ్గింపు దండుగ కాదు. అది తూము వంటిది. నీరు బయటికి పోవచ్చును గాని వృథాగా పోదు.

కూపను పెట్టెలో పడి నిద్రించినచో ఎవరికిని లాభము లేదు. కావున ప్రారంభమున మరియొక నియమము చేసిరి. మూడు నెలలకొకమారు కూపను విలువలో నూటికి రెండు వంతున చెల్లించి ఒక బిళ్ల అంటింపవలెను. 10 కీమ్‌గౌవర్ల కూపనునకు 20 సెంట్లు అగును. ఆ ఖర్చు తమ మీద పడకుండుటకై జనులు గడువులోపలనే కూపనును వాడివేయుదురు. ఈ భావమును సిల్వియో గెసెల్ అను జర్మను వర్తకుడు ప్రతిపాదించెను. ధాన్యము నిలువయున్నచో పుచ్చిపోవును, ఇనుము త్రుప్పు పట్టును, ధనము మాత్రమేల చెడకుండవలెనని ఆయన వాదము.

ఆ వాదమును పరీక్షించిన పట్టణము బవేరియాకు పొరుగుననే, ఆస్ట్రియా దేశములో కలదు. దాని పేరు వెర్గల్. 1932లో ప్రపంచమంతటను ఆర్థికమాంద్యము అలముకొని యుండెను. వెర్గల్‌లో పనిలేనివారు పెక్కుమంది. పురపాలక సంఘమునకు పన్నులు వచ్చుటలేదు. సంఘాధ్యక్షుడైన మిఖాయెల్ ఉంటర్‌గుగెన్‌బెర్గర్ పనిపత్రములను ముద్రింపించి, వానినే కూలిగా ఇచ్చి, వీథులు బాగుచేయించెను, వంతెన కట్టించెను. నెలకొకమారు నూటికి ఒకటి వంతున బిళ్ల అంటింపవలసి యుండుటచే పత్రములు చేతులు మారుచుండెను. పాత పన్ను బాకీలును వసూలైనవి. అయితే నోట్లు ముద్రించు హక్కు తనదేయని ఆస్ట్రియా జాతీయ బ్యాంకు అభ్యంతరము చెప్పెను. 1933లో ఆ ప్రయత్నము నిలిచిపోయెను.

ఇట్టి ప్రయత్నములన్నియు నిలిచినవని చెప్పరాదు. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరమున 2012లో ఆరంభమైన బ్రిస్టల్ పౌను 2021 నాటికి ముగిసినది. కార్డులతోను, ఫోనులతోను చెల్లింపులు సులభమైనప్పుడు వేరు కూపను దాచుకొనుట కొందరికి శ్రమగా తోచును. ఊరిలో తయారుకాని వస్తువులకై బయటికి సొమ్ము పంపక తప్పదు. స్థానిక వర్తకుడు నాసి సరుకును అధిక ధరకు అమ్మినచో ఏ కూపనును అతనిని కాపాడలేదు. గట్టు నీటిని నిలుపగలదే గాని వానను కురిపింపలేదు.

మన దేశమున ఇట్టి కార్యము తలపెట్టువారు చట్టమునుగూడ తెలిసికొనవలెను. ఒక దుకాణదారుడు తన దుకాణములోనే చెల్లునట్లు కార్డులు ఇచ్చుకొనుటకు రిజర్వు బ్యాంకు అనుమతి అక్కరలేదు. పలువురు వర్తకుల వద్ద చెల్లు కార్డును జారీచేయుటకు మాత్రము 2007 నాటి చెల్లింపుల చట్టము ననుసరించి ఆ బ్యాంకు అనుమతి పొందవలెను. ప్రజలు ముందుగా ఇచ్చిన సొమ్మునకు పూచీ ఉండవలెననుటయే దీని ఉద్దేశ్యము. ముద్రించిన కాగితమునకు స్వతహాగా విలువ లేదు. దాని వెనుకనున్న సొమ్మును బట్టియు, మాటను బట్టియు విలువ కలుగును.

ప్రీన్ పాఠశాల బాలికలకు ఈ సంగతి లెక్కల పుస్తకమువలన గాక అనుభవమువలన బోధపడినది. కూపనును ఒప్పించుటకు దుకాణము దుకాణమునకు పోవలసివచ్చును. వర్తకుని సందేహములకు బదులు చెప్పవలసివచ్చును. లెక్కలో ఒక్క యూరో తేడా వచ్చినను దానిని వెదకవలసివచ్చును. ఆరుగురితో మొదలైన ఆ పని కాలక్రమమున పాఠశాల గోడలు దాటి, రోజెన్‌హైమ్, ట్రౌన్‌స్టైన్ జిల్లాలకు విస్తరించి, సంఘముగా ఏర్పడినది. కాగితపు కూపనులకు తోడు కార్డుల ద్వారా చెల్లింపులును వచ్చినవి.

కూపను లేకున్నను ప్రతి విద్యార్థియు చేయదగిన పని ఒకటి కలదు. ఇంటిలో ఒక నెలలో కొన్న వస్తువుల పట్టిక వ్రాసి, ఏది ఎవరి వద్ద కొన్నదో, దానిని ఎక్కడ తయారుచేసిరో ప్రక్కన గుర్తింపవలెను. ఊరిలోనే మంచి సరుకు దొరకుచుండగా బయటినుండి తెప్పించినవెన్నియో, ఊరిలో దొరకనివెన్నియో అప్పుడు తెలియును. గట్టు ఎచ్చట తెగినదో తెలిసిన తరువాతనే గదా రైతు పార పట్టుకొని బయలుదేరును.