మీకు తెలుసా? స్టార్ట్-స్టాప్ లైటు ఎందుకు వెలుగుతుంది
బండి ఆగగానే ఇంజన్‌ను ఆపే స్టార్ట్-స్టాప్ ఉన్న కారులో, మండుటెండలో ఏసీ వేసుకుని బెలూం గుహలు చూడటానికి వెళ్తున్నారు. కొలిమిగుండ్ల దగ్గర సిమెంటు లారీల వెనక ఆగినా ఇంజన్ దానంతటదే ఆగలేదంటే అది లోపం కాదు. ఏసీ చల్లదనం కోసం ఆ వ్యవస్థే ఇంజన్‌ను ఆగనివ్వదు.

మీరు స్టార్ట్-స్టాప్‌ను స్విచ్ నొక్కి ఆపేయకుండానే, బాణం చుట్టిన ‘ఏ’ గుర్తు పసుపుగా వెలుగుతూనే ఉంటే ముందు బ్యాటరీని అనుమానించండి. పదేపదే స్టార్టయ్యే ఈ బండ్లకు ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం బ్యాటరీ ఉండాలి. చవకని మామూలుది వేస్తే త్వరగా నీరసిస్తుంది. అదనపు హారన్ల తీగను నేరుగా నెగటివ్ టెర్మినల్‌కు బిగించినా (మన దగ్గర మామూలే!) చాలా కార్లలో బ్యాటరీ సెన్సర్ లెక్క తప్పుతుంది.