భూదేవి జమాఖర్చులు

వేసవి వచ్చినది మొదలు మా కోసిగిలో నలుగురు స్త్రీలు చేరినచోట నొక ప్రశ్న వినబడుచుండును. “సూర్యు డొక్కడే, భూమియు నదియే; మఱి వేడిమి యేల పెరుగుచున్నది? పగలు సరే, రాత్రులు సైత మేల చల్లాఱవు?” ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. దీనికి శాస్త్రజ్ఞులు చెప్పిన సమాధానమును గృహిణుల కలవాటైన జమాఖర్చుల భాషలో నిట వివరింప దలచితిమి.

భూమికి ముఖ్యమైన జమ యొక్కటే: సూర్యుని వెలుగు. రాత్రింబవళ్లను, సకలదేశములను కలిపి సరాసరి గట్టినచో వాతావరణపు పైయంచున చదరపు మీటరొక్కంటికి దాదాపు 340 వాట్ల శక్తి చేరుచున్నది. అందు 100 వాట్లను మబ్బులు, మంచుకొండలు, ఇసుకనేలలు ఆకాశమునకే త్రిప్పిపంపును. తక్కిన 240 వాట్లను నేలయు, నీరును, గాలియు గ్రహించును. గ్రహించినదెల్ల దాచుకొన్నచో భూమి యేనాడో కాలిపోయెడిది. అట్లుగాక కంటికి గానరాని వేడికిరణముల రూపమున దానిని మరల వెలికి విడుచును. ఇదియే ఖర్చు. జమయు ఖర్చును సరిపడినంతకాలము భూమి ఉష్ణమానము నిలుకడగా నుండును.

ఈ ఖర్చు మన కనుభవములోనిదే. మా యూరి గుట్టలపై గుండ్లు పగలెల్ల కాగి, ప్రొద్దుగూకిన పిమ్మట సెగ గ్రక్కును. పుష్యమాసమున నాకాశము నిర్మలముగా నున్న రాత్రి చలి మెండు. తెల్లవారుసరికి జొన్నయాకులపై మంచుబిందువులు నిలుచును. మబ్బు మూసిన రాత్రి యంతటి చలి పుట్టదు. ఏలన, నేల విడిచిన వేడిని మబ్బు పట్టి కొంత క్రిందికి మరలించును.

కంటికి గానరాని వాయువులు కొన్నియు నీ పనినే చేయును. గాలిలో ముఖ్యభాగములైన నత్రజని, ప్రాణవాయువులు వేడికిరణముల నడ్డగింపవు. నీటియావిరియు, కార్బన్ డయాక్సైడ్ అనబడు బొగ్గుపులుసు వాయువును అడ్డగించును. కురుబలు నేసిన కంబళి తనంతట వేడి పుట్టింపదు. ఒంటివేడిని పోనీయక నిలుపును. ఈ వాయువులును నట్టివే. ఈ కంబళి బొత్తిగా లేకున్నచో భూమి సగటు ఉష్ణమానము సున్నకు దిగువ 18 డిగ్రీల సెంటీగ్రేడు చేరువ నుండెడిది. ఇది యుండుటచేతనే 15 డిగ్రీల చేరువ నున్నది. కావున కంబళి దోషము కాదు. దాని మందము మితిమీరుటయే దోషము.

ఈ గుణమును ప్రయోగముచే తొలుత చూపినది యొక స్త్రీ యగుట మనకు సంతోషకరము. అమెరికా దేశీయురాలగు యూనిస్ ఫుట్ గాజుగొట్టములలో వేర్వేరు వాయువులను నింపి యెండలో నుంచెను. బొగ్గుపులుసు వాయువున్న గొట్టము మిక్కిలి వేడెక్కుటయు, నీడకు దెచ్చినను చాలసేపు చల్లాఱకుండుటయు నామె కనిపెట్టెను. 1856లో నామె వ్రాసిన పత్రమును పండితసభలో నొక పురుషుడు చదివెను. యంత్రయుగమునకు ముందు గాలి పదిలక్షల పాళ్లలో నీ వాయువు 280 పాళ్లుండెను. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయి దీవిలోని మౌనాలోవా కొండపై కొలత మొదలిడినపుడు 315 పాళ్లు. 2024 నాటికి 420 దాటినవి. రాతిబొగ్గును, పెట్రోలును మండించుటయు, అడవులు నఱకుటయు నిందులకు కారణములు.

“సూర్యుడే తీవ్రుడైనాడేమో” యని కొందఱు శంకింతురు. 1978 నుండి ఉపగ్రహములు సూర్యుని వెలుగును కొలుచుచున్నవి. పదునొకం డేండ్ల కొకమారు కలుగు స్వల్పపు హెచ్చుతగ్గులే కాని జమ పెరుగలేదు. మఱియు సూర్యుడే కారణమైనచో గాలి పొరలన్నియు వేడెక్కవలెను. క్రిందిపొర వేడెక్కుచుండగా దానిపైనున్న స్ట్రాటోస్ఫియరు చల్లబడుచున్నది. వాయువు పెరిగినచో నిట్లే జరుగునని స్యుకురో మనాబే 1967లోనే సహచరునితో గూడి లెక్కగట్టెను; 2021లో నాతనికి నోబెల్ బహుమాన మిచ్చిరి. ఖర్చున కడ్డు పడుటచే నేడు చదరపు మీటరునకు ఒక వాటునకు కొంచె మించుమించుగా శక్తి మిగిలిపోవుచున్నది. అల్పముగా తోచినను, లోకమంతటను, అనుదినమును మిగులుట! ఇందు నూటికి 90 పాళ్లు సముద్రములు దాచుకొనుచున్నవి. 2011–20 నడుమ భూమి సగటు వేడిమి 1850–1900 కాలముకంటె 1.1 డిగ్రీలు హెచ్చినది.

కఱవు మా సీమకు కొత్త కాదు. ధాత, ఈశ్వర సంవత్సరముల మహాక్షామము (1876–78) నాటికి కంబళి యింకను పలుచనిదే. కావున ప్రతి కఱవును దీనికే యంటగట్టరాదు. అయినను వేడిమి యొక డిగ్రీ పెరిగినచో గాలి నూటికి 7 పాళ్లు అధికముగా ఆవిరిని ధరింపగలదు. ఎండిననాడు నేలలోని తడిని త్వరగా పీల్చును, కురిసిననాడు కుమ్మరించును. 2009లో నైరృతి ఋతుపవనము దేశమున కొఱవడెను; ఆ యక్టోబరు మొదటనే తుంగభద్ర పొంగి మా పొరుగు మంత్రాలయమును, కర్నూలును ముంచెను. అతివృష్టి యనావృష్టు లొక్కయేటనే వచ్చినచో నేమగునో అప్పుడు చూచితిమి.

పంట పోయిన యేడు మా యూరివారు సుగ్గికి పోవుదురు. మిరపకోతలకో, పత్తి యేరుటకో తల్లిదండ్రులు బయలుదేరగా బిడ్డలును వెంటబోవుదురు. బడిలో వారి చోటు ఖాళీ. లోకమున తక్కువ బొగ్గు మండించినవారికే యెక్కువ శిక్ష పడుచున్నది. బండ్లును యంత్రములును విస్తారముగా గలవారు దీనిని గుర్తింపవలెను.

మన చేతిలోనివియు కొన్ని గలవు. మిద్దెకు తెల్లసున్నము వేసినచో నది వెలుగును త్రిప్పిపంపి యింటిని చల్లపఱచును. వాకిట వేపయో కానుగయో నాటవలెను. రాత్రి చల్లాఱని దినములలో దేహము తేఱుకొనదు. గర్భిణులను, పసివారిని, వృద్ధులను నట్టెండ పనికి పంపక, చల్లయు నంబలియు తఱచుగా నీయవలెను. మా జిల్లాలోని ఓర్వకల్లు ప్రాంతమున 2017లో వేయి మెగావాట్ల సూర్యవిద్యుత్కేంద్రము వెలసినది. మనల కాల్చు నెండయే బొగ్గును తగ్గింపగలదని యది చెప్పకయే చెప్పుచున్నది. ఇంటి లెక్కలో మిగులు మేలు, భూమి లెక్కలో మిగులు కీడు. బొగ్గుపులుసు వాయువు శతాబ్దములు గాలిలో నిలుచును. కాబట్టి నేడు మనము పెంచు మిగులును తీర్చవలసినవారు మన మనుమలును, వారి మనుమలును.