తాతగారి పిస్తోలు

రాయదుర్గపు అద్దాల మేడల నడుమ, తాతనాటి వెబ్లీ అండ్ స్కాట్ పిస్తోలును మొలనుంచుకొని నిత్యము తిరుగుట కొందరికి ఠీవిగా తోచవచ్చును. బర్మింగ్‌హామ్‌లో తయారైన .32 బోరు ఆయుధమది. ఎనిమిది తూటాలు పట్టును. 1911లో లండను పోలీసులు స్వీకరించినది ఈ జాతి పిస్తోలునే. 1986లో విదేశీ తుపాకుల దిగుమతి సామాన్యులకు మూతపడుటచే మన దేశమున దాని వెల వయస్సుతోపాటు పెరిగినది.

అయినను గౌరవము వేరు, నమ్మకము వేరు. పిడి కుడిచెక్క క్రిందనున్న వంపు స్ప్రింగుపైననే దాని నడక ఆధారపడియున్నది. దశాబ్దములు ముడుచుకొని విచ్చుకొనిన ఉక్కు చెప్పి విరుగదు. విరిగినచో అసలు విడిభాగము దొరకుట దుర్లభము. ప్రాణరక్షణకని ధరించినది ఆ క్షణముననే మొండికెత్తినచో గతియేమి?

1959 ఆయుధ చట్టము ననుసరించి తండ్రి లైసెన్సు తనయునికి తనంతట రాదు, వేరుగా పొందవలెను. 2016 నిబంధనల ప్రకారము బహిరంగ స్థలమున పిస్తోలు ఒరలో, పూర్తిగా కప్పబడి, ధరించినవాని అదుపులో నుండవలెను. ఇక రాయదుర్గమున అడుగడుగున తనిఖీయే: కార్యాలయ ద్వారమున, అంగడి వాకిట, మెట్రో మెట్ల చెంత. లోపలికి పోనీయని పిస్తోలు చివరకు కారులో మిగులును. అట్లు విడిచిన ఆయుధము యజమానికి రక్ష కాదు, దొంగకు కానుక.

ప్రాణభయము నిజమైనచో కాన్పూరులో తయారగు .32 రివాల్వరు కలదు. తాతగారి పిస్తోలుకు నూనె పూసి, తూటాలు వేరుగా దాచి, పెట్టెకు తాళము వేయుటయే మేలు. మనుమడు దానిని చూడగోరినప్పుడు తాళము తీసి, మొదట అది ఖాళీగా నున్నదో లేదో పరీక్షించుట నేర్పవలెను.