ఇంట్లోవాళ్ళ చేతికి సరిపడే తూటా ఏది? హ్యాండ్‌గన్ రీకాయిల్ గురించి నాలుగు మాటలు

అమెరికాలో ఉంటున్న మన తెలుగు కుటుంబాలలో తరచూ వినిపించే ప్రశ్న ఒకటుంది. "ఇంటి రక్షణ కోసం పిస్టల్ కొన్నాం. నేను బాగానే కాలుస్తున్నాను. మా ఆవిడ మాత్రం రెండు రౌండ్లు కాల్చి, బాబోయ్ నా వల్ల కాదు అని పక్కన పెట్టేసింది. తనకి తగిన తూటాలు ఏవి?" ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

జవాబు ముందే చెప్పేస్తాను. ఇంట్లో గన్ వాడాల్సి వచ్చే వాళ్ళలో చేతి బలం అందరికంటే తక్కువ ఎవరికో చూడండి. ఆ మనిషి వరసగా ఐదు రౌండ్లు కాలిస్తే ఐదూ ఒక టిఫిన్ ప్లేటంత చోటులో పడాలి. అలా పడనిచ్చే తూటాయే మీ ఇంటికి మంచి తూటా. డబ్బా మీద ఎంత పవర్ అని రాసుందో అది తర్వాతి సంగతి.

అసలు విషయంలోకి వెళ్ళే ముందు చట్టం మాట ఒకటి. ఇది మన వాళ్ళకి చాలా ముఖ్యం. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, బి-2 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు గన్ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకి ఈ నిషేధం వర్తించదు. అంటే మీకు గ్రీన్ కార్డ్ ఉండొచ్చు, విజిటర్ వీసా మీద వచ్చిన అత్తయ్యగారికి, మామయ్యగారికి మాత్రం "ఒకసారి పట్టుకుని చూడండి" అని ఇవ్వకూడదు. షూటింగ్ రేంజ్‌కి సరదాగా తీసుకెళ్ళి కాల్పించడం కూడా ఇందులోకే వస్తుంది. సందేహం ఉంటే ముందు లాయర్‌ని అడగండి. ఇక నుంచి నేను చెప్పేదంతా చట్టప్రకారం అర్హత ఉన్నవాళ్ళ గురించే.

సరే, రీకాయిల్ అంటే ఏంటి? తూటా ముందుకు ఎంత ఊపుతో వెళ్తుందో, గన్ అంత ఊపుతో వెనక్కి వస్తుంది. బుల్లెట్ బరువు, దాని వేగం, మందు ఎంత కాలింది, గన్ బరువు ఎంత, ఈ నాలుగే లెక్క. వీటిలో మొదటి మూడూ తూటాలో ఉంటాయి. నాలుగోదాన్నే చాలామంది మర్చిపోతారు.

చాలా షాపుల్లో ఏం చేస్తారంటే, ఆడవాళ్ళు వస్తే చిన్న చేతికి చిన్న గన్ అని 15 ఔన్సుల తేలిక రివాల్వర్ చేతిలో పెడతారు. పట్టుకుంటే బొమ్మలా ముచ్చటగానే ఉంటుంది. కాలిస్తే తెలుస్తుంది దాని సంగతి. అదే .38 స్పెషల్ తూటాని దాదాపు కిలో బరువుండే స్టీల్ రివాల్వర్‌లో కాల్చినప్పటి కంటే, ఈ 15 ఔన్సుల దాంట్లో చేతికి తగిలే శక్తి రెండింతలు దాటుతుంది. కాబట్టి ఇంట్లోనే ఉండే గన్ అయితే బరువు మీకు చుట్టం. తూటా మార్చే ముందు గన్ మార్చాలేమో ఆలోచించండి.

ఇప్పుడు తూటాల విషయం. బుల్లెట్ బరువుని గ్రెయిన్లలో చెప్తారు. ఒక గ్రాముకి సుమారు పదిహేనున్నర గ్రెయిన్లు. 9 ఎంఎంలో ఎక్కువగా దొరికేవి 115, 124, 147 గ్రెయిన్లవి. 124 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకి 1,150 అడుగుల వేగంతో వెళ్తుందనుకోండి. బరువుని వేగంతో గుణించి వెయ్యితో భాగిస్తే సుమారు 142 వస్తుంది. హార్నడీ కంపెనీ వాళ్ళ క్రిటికల్ డిఫెన్స్ లైట్ అని 100 గ్రెయిన్ల తూటా ఉంది, వేగం 1,125. లెక్క కడితే 112. అంటే ఊపు ఐదో వంతు తగ్గింది. ఫెడరల్ కంపెనీ కూడా హైడ్రా-షాక్ లో రీకాయిల్ పేరుతో 9 ఎంఎంలో 135 గ్రెయిన్లు, .38 స్పెషల్‌లో 110 గ్రెయిన్లు చేసింది. 147 గ్రెయిన్లది కాగితం మీద లెక్కలో తగ్గదు గానీ, నెమ్మదిగా వెళ్తుంది కాబట్టి చాలామందికి చురుక్కున తన్నినట్టు కాకుండా మెల్లగా నెట్టినట్టు అనిపిస్తుంది. ఎవరి చెయ్యి వారిది, కాల్చి చూస్తేనే తేలుతుంది.

డబ్బా మీద "ప్లస్ పి" అని ఉంటే మామూలు కంటే ఎక్కువ ప్రెషర్‌తో నింపారని అర్థం. మనం తన్ను తగ్గించాలనుకుంటున్నప్పుడు అది పక్కన పెట్టేయండి. పైగా కొన్ని పాత గన్లు దాన్ని తట్టుకోలేవు.

.357 మ్యాగ్నమ్ రివాల్వర్ ఉన్నవాళ్ళకి ఒక సదుపాయం ఉంది. అందులో .38 స్పెషల్ తూటాలు కూడా వేసుకోవచ్చు. తిరగేసి మాత్రం కుదరదు, .38 రివాల్వర్‌లో మ్యాగ్నమ్ వేయకూడదు. రెండింటిలోనూ 158 గ్రెయిన్ల బుల్లెట్టే తీసుకున్నా, మ్యాగ్నమ్ తన్ను రెండున్నర రెట్లకి పైనే ఉంటుంది. బరువైన మ్యాగ్నమ్ రివాల్వర్‌లో మామూలు .38 వేసి ఇస్తే చాలామందికి సమస్య అక్కడే తీరిపోతుంది.

ఇంకా మెత్తగా కావాలంటే .38లో 148 గ్రెయిన్ల వాడ్‌కట్టర్ ఉంది. ముక్కు చదునుగా ఉంటుంది, నెమ్మదిగా వెళ్తుంది, టార్గెట్ షూటింగ్ కోసం పుట్టిన తూటా. లోపలికి వెళ్ళి విచ్చుకోదు కానీ తగినంత లోతుకి వెళ్తుంది. ఒక్కటే ఇబ్బంది, ముక్కు చదును కాబట్టి హడావిడిలో మళ్ళీ లోడ్ చేయడం కష్టం.

తన్ను తగ్గుతోంది కదా అని ఎంతవరకూ దిగొచ్చు? దానికి ఒక కొలత ఉంది. 1986 ఏప్రిల్‌లో మయామీ కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు. దుండగుడికి తగిలిన ఒక 9 ఎంఎం బుల్లెట్ గుండె దాకా వెళ్ళకుండానే ఆగిపోయింది. ఆ తర్వాత ఎఫ్‌బీఐ తూటాల పరీక్షకి కొత్త పద్ధతి తెచ్చింది. బుల్లెట్ 10 శాతం జెలటిన్‌లో కనీసం 12 అంగుళాలు వెళ్ళాలి, 18 దాటకూడదు. మీరు ఎంచుకున్న తూటా మీ గన్ బారెల్ పొడవుతో ఆ 12 అందుకుంటుందో లేదో కంపెనీ ఫలితాల్లో చూసుకోండి. చిన్న బారెల్‌లో వేగం తగ్గి హాలో పాయింట్ విచ్చుకోకపోవడం కూడా జరుగుతుంది.

.380 ఏసీపీ సంగతి అడుగుతారు. తూటా చిన్నదే, కానీ జేబులో పట్టే గన్లలో చేతికి గట్టిగానే తగులుతుంది. స్మిత్ అండ్ వెసన్ 2018లో తెచ్చిన షీల్డ్ ఈజెడ్ లాంటి కాస్త పెద్ద .380 అయితే కాల్చడం సులువు, స్లయిడ్ లాగడమూ సులువు. వేళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి రీకాయిల్ కంటే స్లయిడ్ లాగడమే పెద్ద కష్టం, అది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అసలైన మెలిక. సెమీ ఆటోమేటిక్ పిస్టల్ ఆ తన్నుతోనే పనిచేస్తుంది. ఖాళీ గుండు బయటికి విసరాలన్నా, కొత్తది ఎక్కించాలన్నా ఆ ఊపు కావాలి. తూటా మరీ మెత్తనిదై, మణికట్టు కూడా వదులైతే గన్ మధ్యలో ఇరుక్కుంటుంది. అందుకే మీరు కాల్చి "బాగా పనిచేస్తోంది" అనుకుంటే సరిపోదు. ఎవరి కోసం కొన్నారో వాళ్ళ చేతుల్లోనే కనీసం రెండు డబ్బాలు, ఒక్కసారి కూడా ఆగకుండా నడవాలి. రివాల్వర్‌కి ఈ బెడద లేదు.

పరీక్ష ఎలా అంటే, ఐదు గజాల దూరంలో కాగితం ప్లేటు పెట్టండి. మ్యాగజైన్‌లో మధ్య మధ్య ఒకటి రెండు డమ్మీ రౌండ్లు కలపండి, ఎక్కడున్నాయో చెప్పకండి. డమ్మీ వచ్చినప్పుడు గన్ మూతి కిందికి జారిందంటే, మనిషి తన్నుకి ముందే భయపడుతున్నారన్నమాట. అప్పుడు "ఇంకా గట్టిగా పట్టుకో" అని కసురుకోకండి. ఇంకాస్త మెత్తని తూటాకి దిగండి, చెవులకి ప్లగ్గులు పెట్టి పైన మఫ్స్ కూడా వేయండి. భయంలో సగం శబ్దానిదే.

దీనికి ఇంత పట్టింపు ఎందుకంటే, ఇక్కడి ఇళ్ళలో గదుల మధ్య గోడలు జిప్సమ్ బోర్డువే. రక్షణకి పనికొచ్చే ఏ తూటా అయినా వాటిని దాటి వెళ్తుంది. భయపడి గురి తప్పిన ఆ ఒక్క రౌండ్ పిల్లల గదిలోకి వెళ్ళొచ్చు, పక్కింటికి వెళ్ళొచ్చు. లోపలే ఆగాల్సిన చోట ఆగడానికి హాలో పాయింట్ మేలు, కానీ గురి తప్పితే ఏ తూటా మనల్ని కాపాడదు. మీ రాష్ట్రం నిబంధనలు కూడా చూసుకోండి. న్యూజెర్సీలో హాలో పాయింట్ ఇంట్లో ఉంచుకోవచ్చు గానీ, బయటికి తీసుకెళ్ళడం మీద ఆంక్షలున్నాయి.

ప్రాక్టీసుకి అదే బరువున్న మామూలు బుల్లెట్లు వాడండి, ఖర్చు కలిసొస్తుంది. ఒకే తూటాని పదే పదే ఛాంబర్‌లో ఎక్కించి తీస్తుంటే బుల్లెట్ లోపలికి దిగి ప్రెషర్ పెరుగుతుంది, అలాంటిది పక్కన పడేయండి. గన్ ఎప్పుడూ తాళం ఉన్న పెట్టెలోనే ఉండాలి, పిల్లలకి కోడ్ తెలియకూడదు.

ఇదండీ సంగతి. ఈ వారాంతం రేంజ్‌కి వెళ్తే రెండు మూడు రకాల డబ్బాలు తీసుకెళ్ళండి, ఏది కావాలో ఆవిడనే తేల్చుకోనివ్వండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, జాగ్రత్త.