బల్బు ఊరికే ఎందుకు మాడిపోతోంది?

మా కేంద్రానికి వచ్చే ఒక అక్క కొత్త ఇల్లు కట్టుకుంది. హాలుకు సీలింగు చేయించింది. సీలింగులో గుండ్రంగా నాలుగు గుంటలు. గుంటకో బల్బు. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఏడాదిలో అక్క ఐదు బల్బులు కొంది.

"టీచరమ్మా, షాపువాడు నాసిరకం అంటగడుతున్నాడు" అంది నాతో.

నేనూ అలాగే అనుకున్నాను. వెళ్లి చూశాను. వంటింట్లో గోడకు ఒక బల్బు ఉంది. అది గృహప్రవేశం రోజు పెట్టింది. ఇంకా వెలుగుతోంది. అదీ ఆ షాపులో కొన్నదే! మరి తప్పు బల్బుదా, గుంటదా?

ఎల్ఈడీ బల్బు వేడెక్కదని మనం అనుకుంటాం. వేడెక్కుతుంది. దాని మెడ దగ్గర వేడి పుడుతుంది. మెడ లోపల ఒక చిన్న బిళ్ల ఉంటుంది. మన ఇంటికి వచ్చే కరెంటు 230 వోల్టులు. దాన్ని బల్బుకు సరిపోయేలా మార్చేది ఆ బిళ్లే. అది ఎక్కువ వేడికి తట్టుకోలేదు.

గుంటలో బల్బు తలకిందులుగా ఉంటుంది. మెడ పైకి, వెలుగు కిందికి. వేడి పైకే పోతుంది కదా. పైన మూసేసి ఉంది. ఇక ఎటు పోతుంది? మెడ దగ్గరే నిలిచిపోతుంది. మూత పెట్టిన గిన్నెలో అన్నం ఎంతసేపు వేడిగా ఉంటుందో మీకు తెలుసు. అక్క ఇంకో పని కూడా చేసింది. వెలుగు చాలలేదని 9 వాట్ల బల్బు తీసి 15 వాట్లది పెట్టింది. వాట్లు పెరిగితే వేడీ పెరుగుతుంది.

పాతకాలం తీగ బల్బు అయితే గుంటలో అసలు పెట్టకండి. అది తినే కరెంటులో చాలా భాగం వేడిగానే పోతుంది. పైన అట్టలు, గుడ్డలు ఉంటే అంటుకుంటాయి.

మూసి ఉన్న చోట వాడకూడదని కొన్ని బల్బుల పెట్టె మీద రాసి ఉంటుంది. ఎక్కువగా ఇంగ్లీషులో, చీమల్లాంటి అక్షరాల్లో. అలా రాస్తే మనం ఎలా చదవాలి? డబ్బు ఇచ్చే ముందు షాపులోనే చదివించుకోండి.

అన్నిసార్లూ వేడే కారణం కాదు. ఒక్క చోటే బల్బు పోతూ ఉంటే హోల్డరు చూడాలి. బల్బు మినుకుమినుకుమంటోందా? చిటచిటమని చప్పుడు వస్తోందా? హోల్డరు నల్లబడిందా? మాడిన వాసన వస్తోందా? అయితే లోపల వదులుగా ఉంది. బల్బు మారిస్తే లాభం లేదు. హోల్డరు మార్పించాలి.

ఇల్లంతా బల్బులు పోతుంటే? అప్పుడు కరెంటులోనే తేడా ఉండొచ్చు. స్తంభం దగ్గర న్యూట్రల్ వైరు వదులైతే ఒక ఇంట్లో లైట్లు మరీ ఎక్కువగా వెలుగుతాయి. పక్కింట్లో మసకబారతాయి. టీవీ, ఫ్రిజ్ కూడా కాలిపోతాయి. వెంటనే మెయిన్ ఆపేయండి. 1912 నంబరుకు ఫోన్ చేయండి, లేదా లైన్‌మ్యాన్‌కు చెప్పండి. ఇంట్లో మగవాళ్లు "నేను చూస్తాలే" అని స్తంభం ఎక్కబోతారు. ఎక్కనివ్వకండి. అలా ఎక్కి ప్రాణం పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

బల్బు మార్చేటప్పుడు కూడా మెయిన్ ఆపండి. స్విచ్ ఒక్కటి ఆపితే చాలదు. కొన్ని ఇళ్లలో వైర్లు తారుమారుగా కలుపుతారు. అప్పుడు స్విచ్ ఆపినా హోల్డరులో కరెంటు ఉంటుంది. తడి చేతులతో ముట్టకండి. ఎక్కే బల్ల కదలకుండా ఉండాలి. బల్బు చల్లారాకే పట్టుకోండి.

కొత్త బల్బు మెడ మీద పెన్నుతో తేదీ రాయండి. బిల్లు దాచండి. చాలా ఎల్ఈడీ బల్బులకు గ్యారంటీ ఉంటుంది. గడువులోపు పోతే తేదీ చూపించి ఇంకోటి అడగవచ్చు.

అక్క ఆ గుంటల్లో బల్బులు తీయించేసింది. సీలింగు కోసమే చేసే పలచని లైట్లు పెట్టించింది. వాటి బిళ్ల వేరే చిన్న డబ్బాలో, లైటుకు ఎడంగా ఉంటుంది. ఒక్కో డబ్బా మీద అక్కే తేదీ వేసింది. కింద సంతకం కూడా పెట్టింది. "సంతకం ఎందుకక్కా?" అంటే నవ్వింది.