రేపటి నడకను బట్టి ఈ రాత్రి బస

కాణిపాకం వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కారులోనో బస్సులోనో దిగి, వరసిద్ధి వినాయకుణ్ణి దర్శించుకుని, కొన్ని గంటల్లోనే తిరుగుముఖం పడతారు. చిత్తూరు అక్కడికి 12 కిలోమీటర్లు, తిరుపతి 70 కిలోమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి ఆగాల్సిన పని కూడా కనిపించదు. కానీ ఆ గుడి చుట్టూ ఉన్నది కాలినడకకు చక్కగా కుదిరే పల్లెసీమ. బాహుదా ఒడ్డు, మామిడి తోపులు, చెరువు కట్టలు, చెరుకు తోటలు, మధ్యమధ్యలో రాతిగుట్టలు. ఒక పక్క అరగొండ దగ్గర అర్ధగిరి వీరాంజనేయుడు, ఇంకో పక్క పలమనేరు దారిలో మొగిలీశ్వరుడు, ఉత్తరాన దామలచెరువు మామిడి మండీ, దాన్ని దాటితే పాకాల, చంద్రగిరి. నాలుగు రోజులు సెలవు దొరికి, ఈ పల్లెల మధ్య నడవాలనుకునేవాళ్ళు మొదట దారి వెతుకుతారు, పటం గీసుకుంటారు, చివర్లో ఎక్కడో ఒక గది చూసుకోవచ్చులే అనుకుంటారు. ఈ వరస తిరగబడాలి. బసను ముందు ఎంచుకోవాలి, దారిని దానికి తగ్గట్టు కత్తిరించుకోవాలి. బసను తూచాల్సింది కూడా ఆ రాత్రి సుఖంతో కాదు, మర్నాటి నడకతో. ఆ తూకంలో రిసార్టు గది కంటే సత్రం హాలుకూ డార్మిటరీ మంచానికే చాలాసార్లు మొగ్గు కనిపిస్తుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరి, తిరుపతి, కడప మీదుగా ఉత్తరానికి వెళ్ళి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్రను ఇవాళ చదివితే, గుళ్ళ వర్ణన ఎంత ఉందో మజిలీల వర్ణన కూడా అంత ఉందనిపిస్తుంది. ఫలానా ఊళ్ళో దిగడానికి చోటుందా, నీళ్ళు మంచివేనా, సరుకులు దొరికే అంగళ్ళున్నాయా అని ప్రతి మజిలీకీ రాసుకుంటూ పోయాడు. పెద్ద పరివారంతో, బోయీలతో సాగిన ప్రయాణమే అయినా, రోజుకు ఎంత దూరం పోవాలన్నది మనుషుల కాళ్ళే తేల్చేవి కాబట్టి ఆ లెక్క తప్పలేదు. అంతకు చాలా ముందే, 15వ శతాబ్దంలో, సాళువ నరసింహుడి కాలంలో తిరుపతిలోనూ తిరుమలలోనూ రామానుజకూటాలు వెలిశాయి. కందాడై రామానుజ అయ్యంగార్ వాటి నిర్వహణ చూసేవారు. నడిచొచ్చిన యాత్రికులకు అన్నం పెట్టడమే వాటి పని. ఈ సీమలో రహదారితో పాటే సత్రం, మండపం, చావిడి, బావి కూడా పుట్టాయి. మోటారు వచ్చాక రహదారి మిగిలింది, మజిలీలు చెదిరిపోయాయి. ఇప్పుడు నడవాలనుకునేవాళ్ళకు అసలు చిక్కు అక్కడే ఉంది.

బస దారిని శాసించాలనడానికి బలమైన కారణం ఈ నేల స్వభావం. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే చోట పొద్దున 10 గంటల తర్వాత బరువు మోస్తూ నడవడం సాహసం కాదు, అపాయం. చలికాలంలోనైనా సంచీతో రోజుకు 15 కిలోమీటర్లు, అలవాటున్నవాళ్ళకు 20 అనుకోవచ్చు. అంతకు మించి పెట్టుకుంటే చివరి గంట చీకట్లో పడుతుంది. చీకటి ఇక్కడ చిన్న విషయం కాదు. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం ఏనుగుల తావు. అవి తోటల్లోకి, పొలాల్లోకి దిగడం ఆ పల్లెలకు తెలిసిన బాధే. శేషాచలం అడవుల సంగతీ అంతే. 2023 ఆగస్టులో అలిపిరి మెట్ల దారిలో చిరుతపులి ఒక ఆరేళ్ళ పాపను పొట్టన పెట్టుకుంది. నిత్యం వేలమంది నడిచే, దీపాలుండే దారిలో జరిగిన ఘోరం అది. 2025 ఫిబ్రవరిలో, శివరాత్రికి తలకోనకు అడవి గుండా నడిచి వెళ్తున్న భక్తులపై గుండాలకోన దగ్గర ఏనుగులు దాడి చేస్తే ప్రాణాలు పోయాయి. ఇన్ని తెలిశాక, ఎక్కడో ఒక చెట్టు కింద డేరా వేసుకుందాం అనే మాట ఈ ప్రాంతంలో చెల్లదు. పైగా ఇది ఎర్రచందనం అడవి. అనుమతి లేకుండా రాత్రిపూట అడవిలో కనిపించిన కొత్త మనిషిని అటవీ సిబ్బంది అనుమానించడంలో తప్పు లేదు. బస అడవి అంచుకు ఇవతల, ఊళ్ళో ఉండాలి. లేదా తలకోనలో ఉన్నట్టు అటవీ శాఖో పర్యాటక శాఖో నడిపే ఆవరణలో ఉండాలి. పొద్దు వాలక ముందే అక్కడికి చేరగలగాలి. ఈ షరతుకు లొంగని దారి ఎంత అందంగా ఉన్నా వదులుకోవలసిందే.

ఇక హాలా, గదా అన్న మాట. నడిచేవాళ్ళకు తెల్లవారుజామే బంగారం. 5 గంటలకు గేటు తీసే చోటు కావాలి. యాత్రికుల వసతుల్లో ఆ వేళకు దీపాలు వెలిగి, కొళాయిల దగ్గర జనం ఉంటారు, బయట టీ కొట్టు పొయ్యి రాజుకుంటుంది. రిసార్టులో పొద్దున ఫలహారం పెట్టే సమయానికి ఎండ ఎక్కుతుంది, గది అప్పగించే సమయమేమో మధ్యాహ్నం దాకా రాదు. డబ్బు పోసి కొన్న రెండు సౌకర్యాలూ నడిచేవాళ్ళకు పనికిరాని వేళల్లోనే అందుతాయి. ఇంకో సంగతి, ఒంటరిగా వచ్చినవాళ్ళకు గది ఇవ్వని ఆనవాయితీ పుణ్యక్షేత్రాల్లో చాలాచోట్ల ఉంది. హాలుకు ఆ పట్టింపు తక్కువ. తిరుమలలోని యాత్రికుల వసతి సముదాయాల్లో లాకరూ పడుకునే చోటూ ఉచితంగానే దొరుకుతాయి. నడిచి కొండెక్కేవాళ్ళ సామాను అలిపిరి నుంచి పైకి దేవస్థానమే చేరవేస్తుంది. వీపు మీద బరువు లేకుండా 3,550 మెట్లు ఎక్కడానికీ, బరువుతో ఎక్కడానికీ ఉన్న తేడా మోకాళ్ళకే తెలుస్తుంది. ఆ ఏర్పాటు ఖరీదైన హోటలు ఏదీ చేసి పెట్టదు. తిండి సంగతి కూడా ఇక్కడే కలుస్తుంది. కాణిపాకంలో నిత్యాన్నదానం ఉంది. తిరుమలలో తరిగొండ వెంగమాంబ పేరిట అన్నప్రసాద భవనం నడుస్తోంది. ఆ వెంగమాంబ పుట్టిన తరిగొండ ఈ సీమ పల్లెటూరే.

హాల్లో నిద్ర పట్టదు, మరుగుదొడ్లు శుభ్రంగా ఉండవు, ఆడవాళ్ళకు ఇబ్బంది అనే అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయకూడదు. నిద్ర సంగతికి జవాబు సులువే, 15 కిలోమీటర్లు నడిచిన ఒళ్ళు పక్కవాడి గురకను పెద్దగా పట్టించుకోదు. శుభ్రత మాత్రం చోటును బట్టి, రోజును బట్టి మారుతుంది. చేరగానే డబ్బు కట్టకుండా, ముందు వెళ్ళి స్నానాల గదీ నీళ్ళూ చూసి రావాలి. ఆడవాళ్ళ విషయంలో విడి హాలు, లోపలి నుంచి వేసుకునే గడియ, రాత్రి కాపలా, ఈ మూడింటిలో ఒక్కటి లేకపోయినా ఆ హాలు వద్దు. అక్కడ గదికి డబ్బు పెట్టడమే సరైన పని. ఇక్కడ నా వాదానికి హద్దు ఉందని ఒప్పుకుంటాను. చవక అనేది కారణం కానే కాదు. హోర్స్‌లీ కొండల లాంటి చోట, పైకెక్కి అలసిన పూట, ఒక మంచి గది తీసుకున్నా నడకకు మేలే.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. సత్రాలు భక్తుల కోసం కట్టినవి, సరదాగా నడిచేవాళ్ళు వాటిలో చోటు ఆక్రమించడం న్యాయమా? న్యాయం కాని రోజులు ఉన్నాయి. వినాయక చవితితో మొదలై 21 రోజులు సాగే కాణిపాకం బ్రహ్మోత్సవాలు, అర్ధగిరిలో పౌర్ణమి, మొగిలిలోనూ తలకోనలోనూ శివరాత్రి, తమిళనాడు నుంచి జనం కాలినడకన తిరుమలకు కదిలే పెరటాసి నెల. ఆ రోజుల్లో ఒక్క చాప చోటు కూడా భక్తులదే. మిగిలిన రోజుల్లో హాళ్ళు సగం ఖాళీ. స్పెయిన్‌లో సాంటియాగో యాత్రా మార్గం వెంట ఉన్న ఆల్బెర్గేలు ఈ చిక్కును చక్కగా విప్పాయి. ప్రభుత్వ వసతుల్లో మామూలుగా ఒక్క రాత్రే ఇస్తారు. యాత్రికుల పుస్తకం చూపించాలి, సైకిలు మీద వచ్చినవాళ్ళ కంటే నడిచొచ్చినవాళ్ళకు ముందు చోటు. భక్తితో నడిచేదెవరు, ఊరికే నడిచేదెవరు అని అక్కడ ఆరా తీయరు. మన దగ్గర అలాంటి నియమం ఎవరూ పెట్టకపోయినా మనకు మనం పెట్టుకోవచ్చు. ఒక్క రాత్రి ఉండి, పొద్దున్నే చోటు ఖాళీ చేసి, గది అద్దెకు పోయేదాన్ని అన్నదానానికి ఇచ్చి కదలడం.

సత్రాల చరిత్రలో ఒక మచ్చ కూడా ఉంది, దాన్ని దాచి సత్రాన్ని పొగడకూడదు. పాత సత్రాలు చాలావరకు కులాల వారీగా కట్టినవే. ఇవాళ్టికీ పుణ్యక్షేత్రాల్లో కుల సంఘాల సత్రాలు కనిపిస్తాయి, వాటిలో కొన్ని తమవాళ్ళకే ముందు ఇస్తాయి. అందుకని సామూహిక వసతి అనే ఆలోచననే తోసిపుచ్చాలా? అక్కర్లేదు. ఆధార్ కార్డు ఒక్కటే అడిగే దేవస్థానం వసతి, పర్యాటక శాఖ డార్మిటరీ ఉండగా, కులం అడిగే గడప తొక్కాల్సిన పని ఎవరికీ లేదు. ఫోన్ చేసి అడిగేటప్పుడే ఆ సంగతి తేలిపోతుంది.

ఇన్ని చెప్పినా మిగిలే అసలు లోటు, బసలన్నీ క్షేత్రాల దగ్గర గుంపుగా ఉండి నడుమ పల్లెల్లో లేకపోవడం. కాణిపాకం నుంచి తిరుపతి దాకా తిన్నగా నడిచేద్దామంటే రోజు నడకకొక మంచి డార్మిటరీ దొరుకుతుందన్న భరోసా లేదు. అందుకే ఇప్పటికి తెలివైన పద్ధతి, కాణిపాకంలో రెండు మూడు రాత్రులు స్థిరంగా బస పెట్టుకోవడం. సామాను అక్కడే ఉంచి, ఒక రోజు అర్ధగిరి వైపు, ఒక రోజు మామిడి తోపుల మధ్య ఊళ్ళ దారుల్లో నడిచి, సాయంత్రానికి బస్సులోనో ఆటోలోనో తిరిగి రావడం. ఒక్క రాత్రి నియమానికి ఇది అడ్డు కనుక ఇలా ఉండేటప్పుడు అద్దె కట్టే గది తీసుకోవడమే మర్యాద. తర్వాత పాకాల జంక్షన్ నుంచి రైల్లో తిరుపతి చేరి, శ్రీనివాస మంగాపురం దగ్గర శ్రీవారి మెట్టు 2,388 మెట్లు ఎక్కి, ఆ రాత్రికి తిరుమల హాల్లో పడుకోవచ్చు. కార్తీకంలో ముసురు పడుతుంది కాబట్టి మార్గశిరం నుంచి మాఘం దాకా ఈ నడకకు మంచి కాలం.

జర్మనీలో రిచర్డ్ షిర్మన్ అనే బడిపంతులు, పిల్లలను నడకలకు తీసుకెళ్తూ, సెలవుల్లో ఖాళీగా ఉండే బడి గదులనే రాత్రి బసలుగా వాడవచ్చని ఊహించాడు. 1912లో ఆల్టెనా కోటలో మొదలైన యూత్ హాస్టల్ ఆ ఊహ నుంచి పుట్టిందే, తర్వాత అది ప్రపంచమంతా పాకింది. మనకు కోటలు అక్కర్లేదు, కొత్త భవనాలూ అక్కర్లేదు. దేవాదాయ శాఖ, పర్యాటక శాఖ, పంచాయతీలు కలిసి, కాణిపాకం నుంచి చంద్రగిరి దాకా రోజు నడక దూరానికొక గుడి మండపాన్నో వాడకంలో లేని ప్రభుత్వ భవనాన్నో తీసుకుని, ఒక హాలు, ఆడవాళ్ళకు విడిగా ఒక హాలు, మంచినీళ్ళ కొళాయి, శుభ్రమైన మరుగుదొడ్డి, రాత్రి ఒక కాపలాదారు, ఇంతే ఏర్పాటు చేయాలి. వంట పని ఊళ్ళోని మహిళా సంఘాలకు అప్పగిస్తే సంగటీ చట్నీ అమ్ముకునే ఆదాయం ఆ పల్లెకే మిగులుతుంది. నడవాలనుకునేవాళ్ళు ఇది కావాలని గట్టిగా అడగాలి, వచ్చే మార్గశిరానికి కనీసం దామలచెరువులో ఒక్కటైనా తెరిపించాలి.