నిదానపు కారునూ గెలిపించే దీపస్తంభం

డ్రాగ్ రేసింగ్ అనగానే చెవులు చిల్లులు పడే మోత, పొగ, మంటలు కక్కే ఇంజన్లు గుర్తొస్తాయి. ఆ ఆటలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచే యంత్రానికి మాత్రం చక్రాలు లేవు. రెండు కార్ల దారుల మధ్య, బయలుదేరే గీతకు కొంచెం ముందు నిలబడి ఉండే దీపాల స్తంభం అది. అమెరికన్లు దాన్ని క్రిస్మస్ ట్రీ అంటారు. వయసు అరవై దాటింది. అదే లేకపోతే, ఆ దేశంలో వారాంతాల్లో పాత ప్లిమత్‌లూ షెవర్లేలూ నడుపుకుంటూ వచ్చి పోటీపడే మామూలు ఉద్యోగులకి, మెకానిక్కులకి, రిటైరైన పెద్దవాళ్ళకి ఈ ఆటలో చోటే ఉండేది కాదు.

మొదట్లో ఇది వీధి ఆట. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్ళు పాత ఫోర్డులు కొని, ఇంజన్లు విప్పి బిగించి, రాత్రిపూట రోడ్ల మీద పోటీలు పడేవారు. ప్రాణాలు పోయేవి. 1950లో శాంటా ఆనా విమానాశ్రయం రన్‌వే మీద టికెట్టు పెట్టి పోటీలు మొదలయ్యాయి. మరుసటేడు వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ని స్థాపించాడు. కుర్రాళ్ళని తిట్టి లాభం లేదు, వాళ్ళకో చోటు చూపించాలన్నది ఆయన పట్టుదల. హైదరాబాద్ రోడ్ల మీద అర్ధరాత్రి పందాలు వేసేవాళ్ళ గురించి పేపర్లో చదివినప్పుడల్లా నాకు ఆయన ఆలోచనే గుర్తొస్తుంది.

ఆ రోజుల్లో రేసు మొదలుపెట్టేది జెండా పట్టుకున్న మనిషి. రెండు కార్ల ముందూ నిలబడి, ఇద్దరు డ్రైవర్లూ సిద్ధమని తల ఊపాక ఎగిరి జెండా విసిరేవాడు. చూడటానికి భలే ఉండేది గానీ న్యాయం అనుమానమే. అనుభవం ఉన్న డ్రైవరు జెండాని కాక అతని భుజాన్ని చూసేవాడు; భుజం కదిలిందంటే జెండా లేవబోతోందని పసిగట్టి ముందే దూకేవాడు. ఎవరు ముందు కదిలారో తేల్చడం ఆ జెండా మనిషి కంటిచూపుకే వదిలేయాలి. పైగా అతను నిలబడేది దూసుకొచ్చే రెండు కార్ల ఎదుట.

దీనికి విద్యుత్ పరిష్కారం 1960ల మొదట్లో దొరికింది. టైమింగ్ గడియారాలు చేసే క్రాన్‌డెక్ సంస్థకు చెందిన ఆలీ రైలీ పేరు ఈ కథలో ముఖ్యమైనది. 1963లో ఇండియానాపోలిస్‌లో జరిగిన జాతీయ పోటీల్లో ఈ స్తంభం పెద్ద వేదిక ఎక్కింది. వరసగా ఐదు పసుపు దీపాలు, తర్వాత పచ్చది, తొందరపడ్డవాడికి ఎర్రది. జెండా మనిషి విన్యాసానికి అలవాటుపడ్డ చాలామందికి ఇది మొదట నచ్చలేదు. కానీ ఎర్రదీపానికి స్నేహితులు లేరు, బంధువులు లేరు. ఆ ఒక్క గుణంతో అది నిలబడిపోయింది.

దాని పనితీరు సులువే. బయలుదేరే చోట నేలకు కాస్త ఎత్తున, దారికి అడ్డంగా రెండు కాంతికిరణాలు వెళుతుంటాయి. ఒకవైపు కాంతి, అవతలివైపు ఫొటోసెల్. కారు మెల్లగా ముందుకొచ్చి ముందుచక్రంతో మొదటి కిరణాన్ని అడ్డగిస్తే ప్రీ-స్టేజ్ దీపం వెలుగుతుంది. మరో 7 అంగుళాలు జరిగితే రెండో కిరణం తెగి స్టేజ్ దీపం వెలుగుతుంది. ఇద్దరూ అక్కడికి చేరాకే లెక్క మొదలు. ఈనాటి బ్రాకెట్ పోటీల్లో (వాటి సంగతి తర్వాత చెబుతాను) పసుపు దీపాలు మూడు, అర సెకనుకొకటి చొప్పున వెలుగుతాయి. మూడోది వెలిగిన అర సెకనుకి పచ్చదీపం.

అయితే పచ్చదీపం చూసి కదిలినవాడు అప్పటికే వెనకబడ్డాడు. కంటికి వెలుగు తగిలి కాలు కదలడానికి మనిషికి దాదాపు 0.2 సెకను పడుతుంది. ఆ తర్వాత కారు కదలాలి, చక్రం స్టేజ్ కిరణాన్ని దాటిపోవాలి. దీనికి కారు ఒక అడుగు వరకూ దొర్లాల్సి ఉంటుంది. ఈ రెండూ కలిపితే ఇంచుమించు ఆ అర సెకను ఖర్చయిపోతుంది. అందుకే నేర్పరి మూడో పసుపు దీపం వెలగగానే బ్రేకు వదిలేస్తాడు. పచ్చదీపం అతనికి దారిలో ఎదురయ్యేదే. పచ్చదీపం వెలిగిన క్షణానికి సరిగ్గా చక్రం కిరణాన్ని వదిలితే 0.000, అంటే పరిపూర్ణం. సెకనులో వెయ్యోవంతు ముందైతే ఎర్రదీపం, ఇంటికి.

ఐదు పసుపు దీపాలని 1986లో మూడు చేశారు. 2003లో మామూలు బల్బుల స్థానంలో ఎల్ఈడీలు వచ్చాయి. బల్బులో టంగ్‌స్టన్ తీగ వేడెక్కి వెలగడానికి కొంత వ్యవధి కావాలి, ఎల్ఈడీకి అది అక్కర్లేదు. ఆ కాస్త తేడాకే ఏళ్ళ తరబడి అలవాటైన డ్రైవర్లు తమ అదను మార్చుకోవాల్సి వచ్చింది.

దీపస్తంభం తెచ్చిన అసలు మార్పు ఇంకొకటుంది. బలం సమానం కాని ఇద్దరి మధ్య పోటీ ఎలా పెట్టాలి? పల్నాడు, ప్రకాశం వైపు ఎడ్ల బండలాగుడు పోటీల్లో రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలు చేసినట్టే, డ్రాగ్ రేసుల్లో కూడా బరువుని, ఇంజన్‌ని బట్టి తరగతులు చేశారు. తరగతి లోపల మళ్ళీ డబ్బున్నవాడిదే పైచేయి. రెండు వైపులా దీపాలని వేర్వేరు సమయాల్లో వెలిగించగల యంత్రం చేతికొచ్చాక వేరే దారి తెరుచుకుంది. 1970లలో బ్రాకెట్ రేసింగ్‌గా దేశమంతా పాకింది ఆ దారే.

ఈ పద్ధతిలో ప్రతి డ్రైవరూ తన కారు పోటీ దూరాన్ని ఎన్ని సెకన్లలో పరుగెడుతుందో ముందే ప్రకటించాలి. ఆ అంకె పేరు డయల్-ఇన్. తెల్ల షూపాలిష్‌తో కారు అద్దం మీద రాస్తారు. ఒక 1970 ప్లిమత్ డస్టర్ 14.20 అని రాసుకుందనుకుందాం. పక్కన 1969 కమారో, 11.70. దూరం పావు మైలు, అంటే 402 మీటర్లు. డస్టర్‌కి 2.50 సెకన్లు ముందు పచ్చదీపం వెలుగుతుంది. కమారో నిలబడి చూస్తూ ఉండాలి. ఇద్దరూ చెప్పినమాట ప్రకారం పరుగెడితే గీత దగ్గర ఒకేసారి కలుస్తారు. చెప్పినదానికంటే వేగంగా వెళ్ళినవాడు బ్రేకవుట్ అయి ఓడిపోతాడు. ఇద్దరూ అలాగే చేస్తే తక్కువ మీరినవాడిది గెలుపు.

ఇప్పుడు పచ్చదీపం వెలిగాక డస్టర్ కదలడానికి 0.045 సెకను తీసుకుని 14.23లో పరుగెత్తిందనుకుందాం. రెండు లోట్లూ కలిపి 0.075. కమారో డ్రైవరు ఇంకా చురుగ్గా 0.030లో కదిలాడు, కానీ కారు 11.76 పరుగెత్తింది, లోటు 0.090. డస్టర్ 0.015 సెకను తేడాతో గెలిచింది. గంటకు 185 కిలోమీటర్ల వేగంతో వెనకనుంచి వస్తున్న కమారోకి ఆ తేడా ముప్పావు మీటరు. చివరి కొద్ది మీటర్లలో ఇద్దరి మనసుల్లోనూ ఒకటే లెక్క: ఇంకా తొక్కాలా, వదిలేయాలా? గీతకు ముందు బ్రేకు దీపాలు వెలగడం చూసి కొత్తవాళ్ళు విస్తుపోతారు. రేసులో బ్రేకు వేయడం ఏమిటని. అక్కడ అదే విద్య.

కాబట్టి బ్రాకెట్ పోటీరోజు పాత కారు యజమాని చేసే పనంతా వేగం కోసం కాదు, నిలకడ కోసం. పొద్దున పరీక్ష పరుగులు. ప్రతి పరుగు తర్వాత ఇచ్చే టైమ్ స్లిప్ మీద 60 అడుగుల దగ్గర, 330 దగ్గర, 660 దగ్గర ఎంత పట్టిందో వేర్వేరుగా ఉంటుంది. 60 అడుగుల అంకె పెరిగితే టైరు జారింది. అది బాగుండి చివరి అంకె పెరిగితే ఇంజన్ నీరసించింది. టైర్లలో గాలి అంతే ఉండాలి, ట్యాంకులో పెట్రోలు దాదాపు అంతే ఉండాలి. నీళ్ళలో టైరు తిప్పి రబ్బరు వేడిచేసే బర్నవుట్ ప్రతిసారీ అంతసేపే చేయాలి. వరసలో నిలబడ్డప్పుడు ఇంజన్ వేడికి కార్బురేటర్‌లో పెట్రోలు ఆవిరైతే ఆ పరుగు పాడైనట్టే. అందుకే బానెట్ ఎత్తిపెట్టి ఫ్యాన్ తిప్పుతారు.

గాలి సంగతి మరీ ముఖ్యం. ఇంజన్ శక్తి స్థిరమనుకుంటే, ఈ దూరానికి పట్టే కాలం బరువుని శక్తితో భాగించగా వచ్చినదాని ఘనమూలాన్ని అనుసరిస్తుంది. శక్తి రెట్టింపు చేసినా కాలం 21 శాతమే తగ్గుతుంది. వేగాన్ని కొనడం ఎంత ఖరీదో ఇందులోనే తెలుస్తోంది. ఇంకోవైపు, పొద్దున 20 డిగ్రీలున్న గాలి మధ్యాహ్నం 35కి చేరితే సాంద్రత దాదాపు 5 శాతం పడిపోతుంది, ఆక్సిజన్ ఆ మేరకు తగ్గుతుంది. కార్బురేటర్ కారుకి అది ఒకటిన్నర శాతం పైగా ఆలస్యం. 14.20 సెకన్ల కారుకి అది పావు సెకనుకి దగ్గర. 0.015తో గెలుపోటములు తేలే చోట పావు సెకను కొండంత. సాయంత్రం చల్లబడ్డాక అదే కారు మళ్ళీ పుంజుకుంటుంది, మధ్యాహ్నపు అంకె అద్దం మీద అలాగే ఉంచినవాడు బ్రేకవుట్ అవుతాడు. చిన్న వాతావరణ పరికరం, ఏళ్ళనాటి పరుగులన్నీ రాసిన నోటుబుక్కు లేని మంచి ఆటగాడు అరుదు.

ఇప్పుడు డిలే బాక్స్ అనే పెట్టె కూడా వచ్చింది. మొదటి పసుపు దీపానికే మీట వదిలితే మిగతా వ్యవధిని వెయ్యోవంతుల్లో అదే లెక్కపెట్టి కారుని వదులుతుంది. దానికి వేరే తరగతి ఉంది. నాకు మాత్రం ఆ పెట్టెకి చోటులేని, పాదంతో బ్రేకు వదిలే తరగతే ఇష్టం. దీపానికీ మనిషికీ మధ్య ఇంకో యంత్రం ఉండకూడదు.

డాలస్ ప్రాంతంలో స్థిరపడ్డ తెలుగువాళ్ళు ఎందరో ఉన్నారు. ఆ నగరానికి దక్షిణాన ఎన్నిస్‌లో 1986లో కట్టిన టెక్సాస్ మోటార్‌ప్లెక్స్ ఉంది. అక్కడ గానీ, మీ ఊరికి దగ్గర్లోని మరో డ్రాగ్ స్ట్రిప్‌లో గానీ బ్రాకెట్ పోటీ ఉన్న రోజు చూసి పిల్లల్ని తీసుకెళ్ళండి. చెవులకి రక్షణ తప్పకుండా పెట్టండి. గ్యాలరీలోనే కూర్చోకుండా కార్లు నిలిపే చోటికి నడవండి. పాత కారు పక్కన నోటుబుక్కు రాసుకుంటున్న పెద్దాయన కనిపిస్తే, ఆయన టైమ్ స్లిప్ చూపించమని అడిగి అందులోని అంకెల్ని అద్దం మీది అంకెతో పోల్చి చూడమని పిల్లలకి చెప్పండి.